గుర్రం నెత్తురుకు మనిషి పట్టిక

పశువుల లాబొరేటరీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ముసలాయన రిటైరై ఇంట్లో కూర్చున్నాడు, కబుర్లు బాగా చెబుతాడు, పైగా కాఫీ ఇస్తాడు అని ఎవరో చెప్పి పంపుతారు కాబోలు. వాళ్ళ చేతుల్లో కాగితాలుంటాయి. కాగితాల మీద అంకెలుంటాయి. "ఈ ఆవుకు వాపు సూచిక ఎక్కువగా ఉంది సార్" అంటారు. "దేనికన్నా ఎక్కువ?" అంటాను. "మిషను అలా చెప్పింది సార్" అంటారు. అప్పుడొస్తుంది నాకు కోపం. నా కోపం ముక్కు మీదుంటుందని మా ఆవిడ ఊరంతా చాటింది. అది నిజమే. కానీ ఈ కోపానికి మాత్రం ఒక కారణముంది. దాని పేరు సితార.

సితార ఒక జట్కా గుర్రం. ఇందులో మనుషుల పేర్లు ఎవరివీ చెప్పను. కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళకు కాబోయే అల్లుళ్ళున్నారు. గుర్రానికి అభ్యంతరం ఉండదు గనక దాని పేరొక్కటీ చెబుతున్నాను.

యాభైలు అయిపోయి అరవైలు మొదలవుతున్న రోజులు. నెల్లూరులో మా లాబొరేటరీ అంటే రెండు గదులు, ముందొక వసారా, వెనక దూరంగా ఒక రేకుల షెడ్డు. మా పై అధికారి పెద్ద డాక్టరు గారు గోదావరి ప్రాంతం మనిషి. తెల్లటి కోటు, దాని జేబులో ఎప్పుడూ ఒక చేతిరుమాలు, మాటకు ముందు "ఏమయ్యా". గాజు సామాను మీద ఆయనకున్న ప్రేమ కట్టుకున్న భార్య మీద ఉందో లేదో నాకు తెలియదు. పరీక్షగొట్టం పగిలితే ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ తెరిచేవారు కాదు. నేను లాబ్ అసిస్టెంటుని, విడవలూరు వైపు వాడిని. నాతో పాటు ఇంకో అసిస్టెంటు ఉండేవాడు. లోపలి పల్లెల్లో సొంత మళ్ళున్న ఇంటివాడు. పని తప్పించుకోవడంలో వాడంత కష్టపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అయినా వాడంటే నాకు ప్రాణం, ఇప్పటికీ మావాడనే అంటాను. రోజూ పోట్లాడుకునేవాళ్ళం, రోజూ ఒకే క్యారేజీలో తినేవాళ్ళం.

ఆ ఏడు పై ఆఫీసు నుంచి మాకొక పని వచ్చింది. పశువు ఒంట్లో వాపుందో లేదో నెత్తురు చూసి తేల్చడానికి రెండు పద్ధతులున్నాయి, వాటిలో ఏది మేలో పోల్చి చెప్పమన్నారు. వాపంటే పైకి కనిపించేదే కాదు. లోపలెక్కడో చీము పట్టినా, మేతతో పాటు మింగిన మేకు కడుపులో గుచ్చుకున్నా, ఆ సంగతి నెత్తురుకు తెలుస్తుంది. గడ్డకట్టకుండా మందు కలిపిన నెత్తురును సన్నటి గాజు గొట్టంలో నింపి నిటారుగా నిలబెడితే, ఎర్రకణాలు మెల్లగా అడుగుకు దిగుతాయి, పైన పసుపుపచ్చ నీరు తేలుతుంది. ఒంట్లో వాపుంటే ఎర్రదనం తొందరగా దిగుతుంది. గంటలో ఎంత దిగిందో చూడటమే పరీక్ష. ఒక పద్ధతికి పొడుగు గొట్టం, ఇంకోదానికి పొట్టి గొట్టం. పెద్ద డాక్టరు గారిది పొడుగు గొట్టం పార్టీ. మావాడిది పొట్టి గొట్టం పార్టీ, కడగడం తేలిక కాబట్టి. నేనా, మావాడు ఏది కాదంటే ఆ పార్టీ.

దిగినదాన్ని కొలిచాక అది మామూలా, ఎక్కువా అని చూసుకోవడానికి గోడ మీద ఒక పట్టిక ఉండేది. మనుషుల పెద్దాసుపత్రిలో పనిచేసే డాక్టరు గారి స్నేహితుడొకాయన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చింది. ఇంతవరకు ఆరోగ్యం, ఇది దాటితే వాపు, ఈ ఎర్రగీత దాటితే ప్రమాదం అని వరసగా ఉండేది. డాక్టరు గారు దానికి అద్దం కట్టించి, రోజూ రుమాలుతో తుడిచేవారు. ఇది మనుషులకు రాసిందే, మనం కొలిచేది ఎద్దుల్ని కదా అని ఎవరికీ తోచలేదు. డాక్టరు గారికి తోచలేదు, మావాడికి తోచలేదు, నాకూ తోచలేదు. నెత్తురు ఎర్రగానే ఉంది, గొట్టం గొట్టంలాగే ఉంది, అద్దం కట్టిన పట్టిక ఎదురుగా ఉంది. ఇంకేం కావాలి?

ఎద్దుల నెత్తురు కోసం ఊళ్ళు తిరిగాం. బోగోలు దగ్గర ఒక రైతు ఎద్దు కాలు వాచి కుంటుతోంది. సూదీ సీసాలూ తీసి నేను దగ్గరికి పోయేసరికి ఆ పెద్దాయన అడ్డమొచ్చాడు.

"ఏంది సామీ, నా ఎద్దు నెత్తురు తీసకబోయి ఏం జేస్తారు?"

"గొట్టంలో పోసి చూస్తాం పెద్దాయనా. ఒంట్లో వాపుండాదేమో తెలుస్తుంది."

"కాలు గుమ్మడికాయంత వాచుండాదే! కండ్లకు కనపడతా ఉంటే మళ్ళా గొట్టమెందుకు?"

మావాడు నవ్వలేక గట్టు మీద కూలబడ్డాడు. నేను ఏదో సర్దిచెప్పి నెత్తురు తీసుకొచ్చాను. తీరా గొట్టంలో పోస్తే ఎర్రదనం పైనుంచి కదిలితే ఒట్టు. పొడుగు గొట్టంలోనూ కదల్లేదు, పొట్టి గొట్టంలోనూ కదల్లేదు. డాక్టరు గారు పట్టిక వైపు చూసి, "నార్మల్" అన్నారు.

"సార్, కాలు వాచుంది" అన్నాను.

"అది పైవాపయ్యా. లోపల శుభ్రంగా ఉంది."

విడవలూరు నుంచి తెచ్చిన ఎద్దులదీ అదే వరస. దగ్గుతున్న ఎద్దు, పుండు పడ్డ ఎద్దు, నిక్షేపంగా ఉన్న ఎద్దు, దేని నెత్తురూ దిగదు. డాక్టరు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "ఏమి ఆరోగ్యమయ్యా మీ నెల్లూరు ఎద్దులది! మా వైపు ఇలా ఉండవు" అనేవారు. ఊరి గొప్ప చెబుతుంటే కాదనడం మర్యాద కాదని మేమూ ఊరుకున్నాం.

అలా ఉండగా ఒక ఉదయం జట్కా సాయిబు సితారను నడిపించుకుంటూ వచ్చాడు. స్టేషను దగ్గర స్టాండులో జట్కా తోలే మనిషి. సన్నగా, పొడుగ్గా, గళ్ళ లుంగీలో ఉండేవాడు. మాట తక్కువ. సితార గోధుమరంగు ఆడగుర్రం, నుదుటి మీద తెల్లటి చుక్క. ఆ రోజు తల వేలాడేసి నిలబడింది. ముక్కులోంచి చిక్కగా పసుపుపచ్చది కారుతోంది. దవడ కింద నిమ్మకాయంత గడ్డ.

"మేత ముట్టటల్లేదు సార్. రెండు పూటలు చూసినా. మా ఇంటామె బెల్లం ముక్క పెడితే వాసన జూసి తల తిప్పుకునింది. బెల్లానికి తల తిప్పే రకం గాదు సార్ ఇది" అన్నాడు సాయిబు.

ముక్కు కారడం, గడ్డ కట్టడం చూడగానే మా ముగ్గురికీ ఒకటే మాట గుర్తొచ్చింది, గ్లాండర్స్. గుర్రాల నుంచి గుర్రాలకూ, గుర్రాల నుంచి మనుషులకూ అంటుకుని చంపే జబ్బు. అది ఉందని తేలితే ఆ గుర్రాన్ని బతకనివ్వడానికి చట్టం ఒప్పుకోదు. తుపాకీతో కాల్చి, సున్నం పోసి, లోతుగా పూడ్చాలి. జట్కా స్టాండులో దాని పేరు కూడా ఎత్తరు, "ఆ జబ్బు" అంటారు.

డాక్టరు గారు సితారను వెనక షెడ్డులో విడిగా కట్టించి, చేతులకు తొడుగులేసుకుని తానే నెత్తురు తీశారు. పొడుగు గొట్టంలో, పొట్టి గొట్టంలో నింపి స్టాండుకు పెట్టాం. నేను వసారాలోకి పోయి కాఫీ తాగి వచ్చాను. వచ్చేసరికి మావాడు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. ఎర్రదనం గొట్టం అడుగుకు చేరిపోయింది. పైనంతా పసుపుపచ్చ నీరు. అంతవరకు మేము చూసింది ఎద్దుల నెత్తురు మాత్రమే.

డాక్టరు గారు పట్టిక చూశారు. గీతలన్నీ దాటేసింది. ఎర్రగీత ఎక్కడో కిందుండిపోయింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆయన రాతిమనిషి కాదు. రుమాలు మళ్ళీ జేబులో పెట్టుకోవడం కూడా మరిచిపోయారు.

"అనుమానం లేదు. ఇంత వాపుందంటే లోపల ఊపిరితిత్తులంతా పాడైపోయి ఉండాలి" అన్నారు.

సాయిబును పిలిచి కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"సాయిబు గారూ, గుర్రాన్ని ఇక ఇంటికి పంపలేం. మీ ఇంట్లో పిల్లలున్నారు. వాళ్ళకు కూడా..."

"ఆ జబ్బేనా సార్?"

డాక్టరు గారు తల ఊపారు. సాయిబు భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, "నా చిన్న కూతురూ ఇదీ ఒకే ఏడు మా ఇంటికొచ్చినాయి సార్. దీన్ని చూడకుండా పాప పండుకోదు. పాపకు ఏం జెప్పాల నేను?" అన్నాడు. అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి పోయి షెడ్డు దగ్గర నేల మీద కూర్చున్నాడు. గుర్రం వైపు చూడలేక వీపు తిప్పుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపంగా బయటికొస్తుంది, అది నా జబ్బు.

"సార్, గుర్రాన్ని కాల్చమని కాగితం రాసేస్తారా?" అన్నాను లోపలికొచ్చి.

"రాయక? జబ్బు ఊళ్ళో పాకితే నువ్వు జవాబు చెబుతావా?"

"కనుక్కోవడానికి వేరే మందుంది గదా సార్. కంట్లో వేసి చూసేది."

"ఉంది. అది మన దగ్గర లేదు. ఉత్తరం రాసి తెప్పించుకోవాలి. అది ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోగా ఎన్ని గుర్రాలకు అంటుకుంటుందో చెప్పు! అంత స్పష్టంగా గొట్టం చెబుతుంటే ఇంకా మందెందుకు?"

"గొట్టం చెప్పేదేంది సార్! గుర్రం నెత్తురు మనం చూడటం ఇదే మొదలు. జబ్బు లేని గుర్రం నెత్తురు ఎట్టా దిగుతుందో మనలో ఎవరికి తెలుసు?" నా గొంతు వసారా దాటి పోయిందని తర్వాత మావాడు చెప్పాడు.

పై అధికారి మీద అలా అరవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నన్ను ఇక ఏ శ్రీహరికోట అడవికో బదిలీ చేస్తారనుకున్నాను. డాక్టరు గారు గోడ మీది పట్టిక వైపు చూశారు, గొట్టం వైపు చూశారు, చివరికి నా వైపు చూశారు.

"ఏమయ్యా, అరవకుండా అడిగినా నాకు వినిపిస్తుంది. సరే. జబ్బు లేని గుర్రాన్ని తీసుకురండి. రేపు సాయంత్రం టపాకు నా కాగితం పోతుంది. ఆలోగా చూపించండి."

"గుర్రమంత ఆరోగ్యంగా ఈ ఆఫీసులో ఉండేది నేనొక్కణ్ణే సార్. కావాలంటే నా నెత్తురు తీసుకోండి" అన్నాడు మావాడు. వాడు అలాంటి సమయంలో కూడా అలాగే మాట్లాడేవాడు. డాక్టరు గారు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సాయంత్రం మేమిద్దరం స్టేషను దగ్గరి స్టాండుకు పోయాం. ఆ స్టాండుకొక కట్టుబాటుంది. జట్కాలు వచ్చిన వరసలో నిలబడాలి, ఏ బేరమొచ్చినా వరసలో ముందున్నవాడిదే. ప్రయాణికుడు ఎంత బతిమాలినా, ఎంత ఎక్కువిస్తానన్నా రెండోవాడు కదలడు. వరస తప్పితే వాడితో స్టాండులో ఎవరూ మాట్లాడరు. స్టాండు పెద్ద ఒక ముసలి సాయిబు. గడ్డానికి గోరింటాకు రంగు. పంచాయితీలన్నీ ఆయన దగ్గరే.

నేను విషయం చెప్పాను. సితార సంగతి అప్పటికే వాళ్ళకు తెలుసు. ఒక్కొక్కరూ నెమ్మదిగా తమ గుర్రం పక్కకు జరిగి కళ్ళెం పట్టుకుని నిలబడ్డారు, నేనేదో లాక్కుపోతానన్నట్టు.

"నీ నోట్లో మన్ను పొయ్య! నా గుర్రాన్ని ఇస్తే దాన్ని గూడా షెడ్డులో కట్టేస్తారు" అన్నాడొకడు.

"కట్టేయరన్నా. చుక్క నెత్తురు తీసి పంపించేస్తాం."

"సితారను గూడా చుక్క నెత్తురే గదా తీసినారు? ఏమైంది?"

మావాడు తన వంతుగా ఏదో హాస్యమాడబోయి, వాళ్ళ ముఖాలు చూసి మానుకున్నాడు. నాకు మళ్ళీ కోపం పొంగుకొచ్చింది. "సరే, మీ గుర్రాలు మీరే దాచుకోండి! రేపు సాయంత్రం కాగితం పోతుంది. మీ స్టాండు గుర్రాన్ని తుపాకీతో కాలిస్తే ఆ చప్పుడు వినుకుంటా ఇక్కడే కూర్చోండి!" అని అరిచేసి వెనక్కు తిరిగాను.

"ఆగబ్బయ్యా" అన్నాడు స్టాండు పెద్ద. ఆయన గొంతు అసలు పైకి లేవలేదు. "ఒక్క గుర్రాన్ని అడిగితే ఎవడిస్తాడు? ఆ ఒక్కటే పోతుందని భయం గదా. అన్నిటినీ అడుగు."

"అన్నిటినీనా?"

"ఒక గుర్రాన్ని కట్టేయడం సులువు. స్టాండు మొత్తాన్ని ఎవడు కట్టేస్తాడు? కట్టేస్తే రేపట్నించి కలెక్టరు గూడా నడిచి పోవాల్సిందే." అని మిగతావాళ్ళ వైపు తిరిగి, "రేప్పొద్దున ఎవరూ బేరానికి పోవద్దు. అందరూ వీళ్ళ ఆఫీసు కాడికి రావాల. వరస మాత్రం తప్పొద్దు" అన్నాడు. ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు.

మరుసటి రోజు పొద్దున నేను లాబొరేటరీకి వచ్చేసరికి వీధి మలుపు దాకా జట్కాలు. ఒకదాని వెనక ఒకటి, స్టాండులో ఎలా నిలబడతాయో అలాగే. ముందు స్టాండు పెద్ద జట్కా. డాక్టరు గారు వసారాలో నిలబడి, "ఏమయ్యా, ఒక గుర్రాన్ని తెమ్మంటే ఊరేగింపు తెచ్చావు" అన్నారు. సితార ఉన్న షెడ్డు వైపు ఒక్క గుర్రం కూడా పోకుండా ముందు వాకిట్లోనే అన్నిటినీ ఆపించారు. ప్రతి గుర్రం కళ్ళు, నోరు, ముక్కు, కాళ్ళు స్వయంగా చూశారు. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. అప్పుడు మొదలుపెట్టాం.

ఈలోగా స్టేషనుకు రైలొచ్చింది. దిగినవాళ్ళకు ఒక్క జట్కా లేదు. ఎవరో దారి చెప్పారు కాబోలు, పెట్టెలు నెత్తిన పెట్టుకుని మా ఆఫీసు దాకా వచ్చేశారు. ఒక ప్లీడరు గారు కోర్టుకు వేళవుతోందని మొదటి జట్కా ఎక్కి కూర్చున్నారు.

"పోనీ" అన్నారు.

"పోను సార్. గుర్రానికి నెత్తురు పరీక్ష."

"అయితే వెనకది పోనీ."

"వరస తప్పేదానికి లేదు సార్" అన్నాడు వెనకవాడు చాలా మర్యాదగా. ప్లీడరు గారు ఎక్కడా గెలవలేక, ఆ జట్కాలోనే కూర్చుని పేపరు చదువుకున్నారు. గాజుల మలారంతో వచ్చిన ఒకామె మా వసారాలోనే మూట విప్పి బేరాలు మొదలుపెట్టింది. మావాడి భార్యకు గాజులు అక్కడే కొన్నాం.

లోపల మా పని మాది. గొట్టాల స్టాండులో గుర్రాల నెత్తురు వరసగా పెట్టాం. పక్కన ఒక ఎద్దుది. దాని పక్కన మావాడిది, నిజంగానే తీశాం. సూది చూడగానే వాడు ఎంత గొడవ చేశాడంటే, అన్ని గుర్రాలూ కలిసి కూడా అంత చేయలేదు. డాక్టరు గారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

మేము చూస్తుండగానే మొదటి గుర్రం గొట్టంలో ఎర్రదనం దిగడం మొదలైంది. తర్వాత రెండోది. తర్వాత అన్నీ. ప్లీడరు గారు ఎక్కి కూర్చున్న జట్కా గుర్రం, ముందు రోజు రాత్రి దాకా పరిగెత్తి పొద్దున్నే బొక్కెనెడు ఉలవలు తిన్న గుర్రం, దానిది కూడా సితారదిలాగే అడుగుకు దిగిపోయింది. పొడుగు గొట్టంలో దిగింది, పొట్టి గొట్టంలోనూ దిగింది. ఎద్దు నెత్తురు ఎక్కడిదక్కడే ఉంది. మావాడిది పట్టికలో రాసినట్టే బుద్ధిగా కొంచెం దిగి ఆగింది.

డాక్టరు గారు లేచి గోడ మీది పట్టిక తీశారు. అలవాటుగా రుమాలుతో అద్దం తుడిచారు. తుడిచి, మావాడి చేతికిచ్చారు.

"ఇది నీదయ్యా. నీకొక్కడికే పనికొస్తుంది" అన్నారు.

గుర్రం నెత్తురు సహజంగానే వడిగా దిగుతుంది. ఎద్దు నెత్తురు జబ్బున్నా దిగదు. దేనికదే ప్రకృతి. మేము రెండు గొట్టాల్ని నెలల తరబడి పోలుస్తూ కూర్చున్నాం గానీ, జంతువును జంతువుతో పోల్చలేదు. రెండు తప్పుడు గడియారాల్లో ఏది మంచిదని చూస్తున్నట్టుంది మా వ్యవహారం. ఆ తర్వాత ఏ జంతువు వచ్చినా ముందు దాని ఆరోగ్యవంతుడైన చుట్టాన్ని వెతకడం మాకు అలవాటైంది. ఎద్దుల సంగతి కూడా ఆలస్యంగా తెలిసింది. గొట్టాన్ని నిటారుగా కాకుండా ఏటవాలుగా పెడితే ఎద్దు నెత్తురు కూడా దిగుతుంది, అప్పుడు జబ్బు ఎద్దుకూ మంచి ఎద్దుకూ తేడా కనబడుతుంది. బోగోలు పెద్దాయన ఎద్దుకు మళ్ళీ పరీక్ష చేసి, ఆ కాలికి వైద్యం కూడా చేశాం. "గొట్టానికి ఇప్పటికి కనపడిందా?" అన్నాడాయన. అనడా మరి!

కానీ ఆ రోజు మా సంతోషం సగంలోనే ఆగింది. జట్కాల వాళ్ళు కేరింతలు కొట్టారు. సాయిబు పరుగెత్తుకొచ్చి, "ఇంటికి తోలుకపోవచ్చునా సార్?" అన్నాడు. డాక్టరు గారు అతని భుజం మీద చెయ్యేశారు.

"లేదు నాయనా. నీ గుర్రానికి ఆ జబ్బుందని గొట్టం చెప్పలేదు. లేదని కూడా చెప్పలేదు. దానికి అసలు చెప్పడమే చేతకాదు. తుపాకీ కాగితం మాత్రం రాయను. కంటి మందు తెప్పిస్తాను. అది చెబుతుంది. ఏం చెబితే దానికి మనిద్దరం కట్టుబడాలి. సరేనా?"

సాయిబు ముఖం మళ్ళీ వాడిపోయింది. అయినా తల ఊపాడు.

మందు వచ్చేదాకా సితార షెడ్డులో, సాయిబు వేపచెట్టు కింద. స్టాండు పెద్ద ఒక కొత్త కట్టుబాటు పెట్టాడు: రోజుకొకడు తన వరస వదులుకుని సాయిబు ఇంటి కోసం ఒక బేరం తోలాలి. ఎవరూ నసగలేదు. డాక్టరు గారు టపా వచ్చే వేళకు వసారాలోకి వచ్చి నిలబడేవారు, ఏదో గాలి కోసం వచ్చినట్టు. ఈ మధ్యలో సితార దవడ కింది గడ్డ మెత్తబడి, పగిలి, గిన్నెడు చీము కారింది. మర్నాడు అది కాస్త పచ్చిగడ్డి కొరికింది. ఎక్కువగా గుర్రపు పిల్లలకు వచ్చి తగ్గిపోయే గడ్డ జబ్బులాగుంది, ఆ జబ్బు కాదేమో అనిపించింది. కానీ "అనిపించింది" అనే మాట డాక్టరు గారి ముందు అనడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. ఆయనకు కూడా చాలినట్టు లేదు.

చివరికి మందొచ్చింది. చుక్కమందు ఒక కంట్లో వేయాలి. గుర్రానికి ఆ జబ్బుంటే మర్నాటికి ఆ కన్ను ఎర్రబడి, రెప్పలు వాచి మూసుకుపోయి, పుసి కారుతుంది. లేకపోతే ఏమీ కాదు. ఏ గొట్టమూ అక్కర్లేదు, గుర్రాన్ని గుర్రంతోనే పోల్చడం. ఒక కన్నును ఇంకో కన్నుతో. డాక్టరు గారు తానే మందు వేశారు. సాయిబు సితార తల పట్టుకున్నాడు గానీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మందు పడ్డాక పోయి చెట్టు కింద కూర్చున్నాడు. షెడ్డు వైపు వీపు పెట్టి, మొదటి రోజులాగే.

మర్నాడు నేను పెందలాడే వచ్చాను. నాకన్నా ముందు మావాడు వచ్చి ఉన్నాడు. వాడి ఉద్యోగంలో అది మొదటిసారి. మా ఇద్దరికన్నా ముందు డాక్టరు గారు షెడ్డులో ఉన్నారు. సాయిబు వెనకే నిలబడి నేల చూస్తున్నాడు. డాక్టరు గారి ముఖం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను.

"సాయిబు గారూ, తల ఎత్తండి" అన్నారు డాక్టరు గారు.

"నా వల్ల కాదు సార్. మీరే చెప్పండి."

"నేను ఒకసారి చెప్పి తప్పు చెప్పాను. ఆ తప్పుకు మీరిన్నాళ్ళు నేల మీద పడుకున్నారు. ఈసారి నేను చెప్పను. మీరే చూడండి. ఏ కంట్లో మందు వేశానో చెప్పండి."

సాయిబు మెల్లగా తలెత్తాడు. సితార ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇటు తిప్పి ఒక కన్ను చూశాడు. అటు తిప్పి ఇంకో కన్ను చూశాడు. మళ్ళీ ఇటు తిప్పాడు, మళ్ళీ అటు తిప్పాడు. సితారకు విసుగొచ్చి తల విదిలించింది.

"సార్" అన్నాడు. "నాకు... నాకు తెలీటల్లేదు సార్. ఏ కంట్లో వేసినారు?"

"తెలియడం లేదు కదా?"

"తెలీటల్లేదు సార్!"

"అదేనయ్యా రిజల్టు" అన్నారు డాక్టరు గారు. "ఇంటికి తోలుకుపో. పాప ఎదురు చూస్తుంటుంది."